గంధకం క్రీములు: డబ్బా ముందున్న శాతం నమ్మాలా, వెనకున్న చిన్న అక్షరాలా?

గోరింటాకు
మొటిమలకని తెచ్చిన మూడు గంధకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేలడం లేదు.

ఒకటి మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి తెచ్చిన మాస్క్. గంధకం 10 శాతం అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంది. రెండోది మా వీధి మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు. గంధకం 8, రిసార్సినాల్ 2. మూడోది సల్ఫర్ సబ్బు, దాంట్లో శాలిసిలిక్ యాసిడ్ కూడా ఉంది.

నాకు 31. కాలేజీ రోజుల్లో కూడా రాని మొటిమలు ఇప్పుడు దవడ వెంట, గడ్డం కింద వస్తున్నాయి. నెలలో ఒక వారం మరీ ఎక్కువ. మాస్క్ వారం వాడాను. మండలేదు, తగ్గనూ లేదు. ట్యూబు నాలుగు రాత్రులు రాసుకుని పడుకున్నాను. ఐదో రోజు పొద్దున అద్దంలో చూస్తే గడ్డం మీద చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది. నీళ్లు తగిలితే చుర్రుమంటోంది. 10 శాతం ఉన్నది ఊరుకుంటే 8 శాతం ఉన్నది కాల్చడమేమిటి?

మా అమ్మమ్మ ట్యూబు వాసన చూసి "గజ్జి మందు మొహానికి పూసుకుంటున్నావేమే" అంది.

కాకినాడకాజా
నా ఓటు అమ్మమ్మకి.

పల్లేరుకాయ
మా చిన్నప్పుడు గజ్జి వస్తే కొబ్బరినూనెలో గంధకం పొడి రంగరించి మెడ నుంచి పాదాల దాకా పట్టించేవాళ్లు. బళ్లో నా బెంచీ మీద నేనొక్కణ్ణే. ఇప్పుడు అదే గంధకాన్ని డాలర్లు పోసి కొంటున్నారా!

బిల్లుకౌంటర్
పద్నాలుగేళ్లుగా మందుల షాపులో ఉన్నాను, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

గోరింటాకు గారూ, మాస్క్ ఎంతసేపు ఉంచుకున్నారు? పది నిమిషాలేగా? ట్యూబు ఎంతసేపు? ఏడెనిమిది గంటలు. సగం జవాబు అక్కడే ఉంది. శాతం కంటే ముందు, ఆ మందు చర్మం మీద ఎంతసేపు కూర్చుందో చూడాలి. సబ్బు అయితే అర నిమిషంలో నీళ్లతో పోతుంది, దాని మీద ఎంత శాతం రాసి ఉన్నా ఒకటే.

మిగతా సగం రిసార్సినాల్. ఆ 8, 2 లెక్క చాలా పాతది. మన దగ్గర ఎస్కామెల్ అని దశాబ్దాలుగా ఉన్న క్రీము కూడా ఇదే లెక్క. అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మొటిమల మందులకి 1991లో ఖాయం చేసిన నియమాలున్నాయి. గంధకం ఒక్కటే ఉంటే 3 నుంచి 10 శాతం దాకా వేసుకోవచ్చు. 2 శాతం రిసార్సినాల్ కలిపితే మాత్రం గంధకం 8 దాటకూడదు. రెండూ చర్మం పై పొరని ఊడగొట్టేవే కాబట్టి ఇద్దరు కలిసి తోస్తున్నట్టే. మీ గడ్డం మీద లేచింది ఆ పొరే.

గోరింటాకు
అంటే 8 అని తక్కువ వేశారంటే మెత్తనిది అనుకున్నాను. పక్కన ఇంకొకడు ఉన్నాడు కాబట్టి వీణ్ణి తగ్గించారన్నమాట.

బిల్లుకౌంటర్
అంతే.

డల్లాస్‌దోసె
ఆ 10 శాతం మాస్కులు నేనూ రెండు రకాలు వాడాను. వెనక పట్టీ (లేబుల్) చూడండి, కేయోలిన్ ఉంటుంది, చాలావాటిలో బెంటోనైట్ ఉంటుంది. రెండూ బంకమట్టే. మనం ముల్తానీ మట్టి పూసుకుంటే మొహం బిగుసుకుని జిడ్డు పోతుంది చూడండి, మాస్క్ కడిగాక వచ్చే ఆ "ఆహా" అదే. గంధకం పని కాదది. గంధకం పని రెండు మూడు వారాలకి గాని తెలీదు. గోరింటాకు వారానికే తీర్పు చెప్పేశారు.

మిర్చియార్డు
8 ఏమిటి, 10 ఏమిటి, మా ఇంట్లో 80 శాతం ఉంది. లీటరు నీళ్లకి 3 గ్రాములు కలిపి కొడితే మిరపకి బూడిద తెగులు ఇట్టే పోతుంది.

చిట్టిబాతు
జోక్ అని తెలుసు, కానీ సీరియస్‌గా అడుగుతున్నా. గంధకం గంధకమే కదా. పురుగుమందుల షాపులో కిలో తెచ్చుకుని అలోవెరాలో కలుపుకుంటే ఏమవుతుంది?

మిర్చియార్డు
అమ్మా తల్లీ వద్దు. నీళ్లలో కలవడానికి, ఆకుకి అంటుకోవడానికి దాంట్లో వేరే రసాయనాలు కలుపుతారు. అది ఆకు కోసం చేసింది, చెంప కోసం కాదు. గాలి ఎదురు తిరిగినప్పుడు కళ్లలో పడితే సాయంత్రం దాకా కళ్లు మండుతూనే ఉంటాయి నాకు. మిర్చి ఘాటు నయం.

బిల్లుకౌంటర్
చిట్టిబాతు గారూ, గంధకం గంధకమే కాదు. అది నీళ్లలో కరగదు. క్రీములో ఉన్నా, మాస్కులో ఉన్నా పొడిగా తేలుతూ ఉంటుంది అంతే. కాబట్టి ఆ పొడి ఎంత సన్నం అనేదే ముఖ్యం. పట్టీలో "ప్రెసిపిటేటెడ్ సల్ఫర్" అని ఉంటే రసాయనికంగా విరగ్గొట్టి తీసిన సన్నటి పొడి. "కొలాయిడల్" అంటే ఇంకా సన్నం. "సబ్లైమ్డ్" అంటే ఆవిరి చేసి పట్టిన పువ్వు గంధకం, కొంచెం బరక. సన్నటి పొడి చర్మానికి ఎక్కువ చోట్ల తగులుతుంది. ఒకే శాతం ఉన్న రెండు క్రీములు ఒకలా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. రవ్వ, మైదా ఒకే తూకం పోసినా రెండింటి పిండీ ఒకటి కాదుగా.

కాకినాడకాజా
మైదా అనగానే నన్ను పిలిచినట్టుంది.

రాత్రిడ్యూటీ
ఒక గందరగోళం ముందే తీర్చేస్తాను, ఎవరో ఒకరు అడుగుతారు. "నాకు సల్ఫా పడదు, గంధకం రాసుకోవచ్చా?" సల్ఫా మందులు వేరు, గంధకం వేరు. సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు పడనివాళ్లకి పడనిది సల్ఫోనమైడ్ అనే నిర్మాణం. గంధకం ఒక మూలకం, దాంట్లో ఆ నిర్మాణం లేదు. కానీ మొటిమలకి, రోజేషియాకి (మొహం ఎర్రబడే చర్మ జబ్బు) 10 శాతం సోడియం సల్ఫాసెటమైడ్, 5 శాతం గంధకం కలిపి ఇచ్చే మందు ఒకటి ఉంది. అమెరికాలో డాక్టర్లు చీటీ మీద బాగా రాస్తారు. దాంట్లో మొదటిది సల్ఫా మందే. సల్ఫా పడనివాళ్లు దాని జోలికి పోకూడదు. డబ్బా మీద "సల్ఫర్" అని మాత్రమే చదివి ఊరుకుంటే ఇక్కడే దెబ్బతింటారు.

షాంపూల్లో ఉండే సల్ఫేట్ ఇంకోటి. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

డల్లాస్‌దోసె
ఆ మందు నాకు ఇక్కడ రాశారు, ఫేస్‌వాష్ రూపంలో. వాసన గురించి మాత్రం అడక్కండి. మా ఆయన గుడ్డు కుళ్లిందేమో అని ఫ్రిజ్ మొత్తం వెతికాడు.

రాత్రిడ్యూటీ
ఆ వాసన ఊరికే రాదు. గంధకం చర్మంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. కుళ్లిన గుడ్డులో వచ్చేదీ అదే. చర్మం పై పొర పట్టు వదిలేది కూడా దానివల్లే అంటారు. వాసన పూర్తిగా కొట్టేయడానికి సెంటు ఎక్కువ పోసిన క్రీము చూస్తే నాకు అనుమానం. సున్నితమైన చర్మానికి ఆ సెంటే పడకపోవచ్చు.

పాతకాగితం
గంధకాన్ని అందరూ ఎత్తేస్తున్నారు కాబట్టి నేను కొంచెం దించుతాను. 1972లో మిల్స్, క్లిగ్‌మన్ అనే ఇద్దరు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో "గంధకం మొటిమలకి మేలా, కీడా" అనే ప్రశ్ననే శీర్షికగా పెట్టి రాశారు. గంధకమే రంధ్రాలు మూసుకునేలా చేస్తుందని వాళ్లు చెప్పారు. కుందేలు చెవి మీద, మనుషుల వీపు మీద పరీక్షించి మరీ. క్లిగ్‌మన్ అంటే ట్రెటినాయిన్ అనే విటమిన్ ఏ జాతి మందుని మొటిమలకి తెచ్చినాయన, ఆషామాషీ మనిషి కాదు.

బిల్లుకౌంటర్
సగం కథ చెప్పి ఆపేశారు. 1978లో స్ట్రాస్ వాళ్లు మళ్లీ పరీక్షించారు. అలాంటిదేమీ కనబడలేదు.

పాతకాగితం
తెలుసు. అది కూడా రాసేవాణ్ణే, టీ తాగొచ్చేలోపు మీరు దూరారు. నా మాట ఏమిటంటే, ఇంత పాత మందు మీద గట్టి పరీక్షలు చాలా తక్కువ. అమెరికా చర్మవైద్యుల సంఘం 2024 మార్గదర్శకాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్‌ని, అడాపలీన్ లాంటి రెటినాయిడ్లని (అవీ విటమిన్ ఏ జాతివే) గట్టిగా చెప్పింది. గంధకం గురించి మాత్రం, ఏదీ చెప్పడానికి చాలినంత ఆధారం లేదంది. పనిచేయదు అనలేదు, అది గమనించండి. కానీ మొదటి ఆయుధం మాత్రం కాదు.

చిట్టిబాతు
అయితే ఇంత చర్చ ఎందుకు, అందరం అడాపలీన్ రాసుకుంటే పోలా?

నెలతప్పిన_నేను
అందరం రాసుకోలేం. నాకిప్పుడు ఐదో నెల. అడాపలీన్ ఆపేయమని మొదటి విజిట్‌లోనే చెప్పారు. గర్భిణులకి గజ్జి వస్తే గంధకం మలాము కూడా ఇస్తారట, అందుకని మా డాక్టరమ్మ మొటిమ మీద మాత్రమే సన్నగా పెట్టుకోమంది. మా అత్తగారికి గజ్జి అనే మాట ఒక్కటే వినబడింది. రెండు రోజులు నా టవల్ వేరే పెట్టారు.

పల్లేరుకాయ
😂 బళ్లో నా బెంచీ గుర్తొచ్చింది.

వెన్నెలవాగు
నేను ఇంకో రకం వాడాను. అడుగున గులాబీ రంగు పొడి, పైన స్పిరిట్ లాంటి నీళ్లు ఉండే సీసా. కుదపకుండా దూది పుల్ల అడుగుదాకా ముంచి మొటిమ మీద చుక్క పెట్టాలి. ఆ గులాబీ రంగు కాలమైన్. దాంతో పాటు జింక్ ఆక్సైడ్, గంధకం, శాలిసిలిక్, కర్పూరం. పై నీళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చీముతో తల కట్టిన మొటిమకి బాగుంది, పొద్దునకల్లా అణిగిపోయింది. లోపల గట్టిగా గడ్డలా ఉన్నదాని మీద పెడితే పైన చర్మం ఎండి పగిలింది తప్ప లోపలిది కదలలేదు. నాదే తెలివితక్కువ, చుక్క పెట్టమంటే చెంపంతా పూశాను.

కాకినాడకాజా
కర్పూరం, గంధకం. ఇంకా సురేకారం, బొగ్గు ఉంటే దీపావళి కూడా అయిపోయేది.

వెన్నెలవాగు
అగ్గిపుల్ల నువ్వు తెస్తే.

తెల్లకాకి
నాకు జరిగింది చెబుతాను, ఎవరూ చెయ్యకండి. మా కజిన్ గల్ఫ్ నుంచి వస్తూ మొహం తెల్లబడే క్రీము తెచ్చింది. పట్టీ మీద ఒక్క ముక్క నాకు అర్థమయ్యే భాషలో లేదు. నెల వాడాను, తెల్లబడ్డాను, మొటిమలు మొదలయ్యాయి. ఎవరో చెబితే గంధకం క్రీము దాని మీదే రాశాను. మూడో రోజుకి బుగ్గల మీద మసి పూసినట్టు బూడిద నలుపు. సబ్బుతో రుద్దాను, శనగపిండితో రుద్దాను, పోలేదు. స్కిన్ డాక్టర్ దగ్గరికి రెండు డబ్బాలూ పట్టుకెళ్లాను. ఆమె తెల్ల క్రీముని పక్కకి జరిపి "ఇందులో పాదరసం ఉండుంటుంది" అన్నారు.

రాత్రిడ్యూటీ
పాదరసం, గంధకం కలిస్తే నల్లటి సల్ఫైడ్ అవుతుంది. పాదరసం ఉన్న మలాము మీద గంధకం రాస్తే చర్మం నల్లబడుతుందని, వాసన వస్తుందని మందుల పుస్తకాల్లో పాత హెచ్చరికే ఉంది. తెల్లబడే క్రీముల్లో పాదరసం వేయడం మన దేశంలో నిషేధం, అయినా పట్టీ లేని డబ్బాలు వస్తూనే ఉన్నాయి. నల్లబడటం ఒక రకంగా మీ అదృష్టం. లేకపోతే ఇంకో ఏడాది పూసుకునేవాళ్లు, అది కిడ్నీల దాకా పోయేది.

గోరింటాకు
ఇది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. నా గడ్డం మీద పొట్టు లేచినచోట అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. నేను తెల్ల క్రీములేవీ వాడలేదు, ఒట్టు.

బిల్లుకౌంటర్
రిసార్సినాల్ ముదురు రంగు చర్మం మీద కొందరికి గోధుమ రంగు పొలుసులు తెప్పిస్తుంది. ఆపితే పోతుందంటారు. లేదా చర్మం కాలినచోట మిగిలే మచ్చ కావచ్చు. మన రంగు చర్మానికి మొటిమ కంటే మచ్చే ఎక్కువ కాలం ఉంటుంది. ఏదైనా సరే ముందు ట్యూబు ఆపండి. ఉత్త మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. పొలుసు గిల్లకండి. తగ్గకపోతే నేను కాదు, డాక్టర్ చూడాలి. రిసార్సినాల్‌ని ఒంటి నిండా నెలల తరబడి పూస్తే థైరాయిడ్ మీద కూడా పడుతుంది. మీరు పూసిన నాలుగు రాత్రులకి ఆ భయం లేదులెండి, వీపు మొటిమలకని బకెట్‌తో పూసేవాళ్ల కోసం చెబుతున్నా.

ఇంకొకటి, తలుపు మూసి చెప్పాల్సిన మాట. కౌంటర్ దగ్గర "మొటిమలకి ఏదైనా ఇవ్వండి" అంటే బీటామెథసోనో, క్లోబెటాసాలో కలిసిన ట్యూబు చేతిలో పెట్టేవాళ్లు మా వృత్తిలో ఉన్నారు. స్టెరాయిడ్ అది. నాలుగు రోజులు మొహం మెరుస్తుంది, తర్వాత మొదలవుతుంది అసలు కథ. 2018 నుంచి అలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు. గంధకం వాసన రానిది, రెండు రోజుల్లోనే మాయ చేసేది ఇస్తే వెనక్కి తిప్పి చదవండి.

చిట్టిబాతు
మా హాస్టల్లో అందరి దగ్గరా ఉన్న ట్యూబు పేరు చదివాను ఇప్పుడే. నోట మాట రావడం లేదు.

సైకిల్‌షాపు
మా ఆవిడ సల్ఫర్ సబ్బని టెట్మోసాల్ తెచ్చింది. అది కూడా ఇదేనా?

రాత్రిడ్యూటీ
కాదండీ. దాంట్లో ఉన్నది మోనోసల్ఫిరామ్, 5 శాతం. గజ్జి పురుగు మందు. పేరులో "సల్ఫ్" ఉంది కాబట్టి అందరూ గంధకం సబ్బు అనుకుంటారు. మొటిమలకి పనికిరాదు. ఇంకో సంగతి, తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్‌కి ఇది దగ్గరి చుట్టం. ఈ సబ్బు వాడే రోజుల్లో మందు కొడితే మొహం ఎర్రబడి గుండె దడదడలాడవచ్చు.

సైకిల్‌షాపు
ఆవిడ కావాలనే తెచ్చిందేమో.

కాకినాడకాజా
శనివారం రాత్రి తెలుస్తుంది అన్నా.

గోరింటాకు
ఇంకో విచిత్రం, నవ్వకండి. ట్యూబు ఆపేశాక సబ్బు ఒక్కటే ఉంచాను. స్నానానికీ అదే వాడుతున్నాను, వీపు మీద కూడా రెండు మొటిమలున్నాయని. నిన్న మా అత్తగారు నా కాళ్ల వైపు చూసి ఆగిపోయారు. మెట్టెలు నల్లగా అయిపోయాయి. పట్టీలు కూడా, ముఖ్యంగా మువ్వల సందుల్లో. "ఒంట్లో వేడి చేసింది, వెండి చెప్పేస్తుంది" అని మజ్జిగ, సబ్జా గింజలు మొదలుపెట్టారు. వేడేనా?

బిల్లుకౌంటర్
వెండి చెప్పింది నిజమే, కానీ సబ్బు గురించి. గంధకం తగిలితే వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. సబ్బు నీళ్లన్నీ జారి చేరేది కాళ్ల దగ్గరికే కదా. మజ్జిగ తాగండి, నష్టం లేదు.

నెలతప్పిన_నేను
కుంకుడురసంలో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది. నా పట్టీలకి పోయింది.

పాతకాగితం
రసాయనశాస్త్రం ప్రకారం అయితే, ఒక గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి వేడినీళ్లు, వంటసోడా వేసి మెట్టెలు రేకుకి తగిలేలా పెట్టండి. గంధకం వెండిని వదిలి రేకుని పట్టుకుంటుంది. రుద్దితే వెండి అరుగుతుంది, ఇలా అయితే అరగదు. ఆ గిన్నె దగ్గర వాసన చూశారంటే మీ మాస్కే గుర్తొస్తుంది.

వెన్నెలవాగు
గోరింటాకూ, అసలు సంగతి ఎవరూ అడగలేదు. దవడ వెంట, నెలలో ఒక వారం, 31 ఏళ్లకి మొదలు. నెలసరి సరిగ్గా వస్తోందా? నాకు ఇలాగే ఉంటే రెండేళ్లు క్రీములు మార్చాను. చివరికి స్కాన్ చేస్తే పీసీఓఎస్, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల తేడా. పైన ఎంత గంధకం పూసినా లోపల హార్మోన్లు తోస్తుంటే అది చేసేదేముంది, గుమ్మం తుడుస్తుంది అంతే.

గోరింటాకు
సరిగ్గా రావడం లేదు. ఒక నెల 40 రోజులు, ఇంకో నెల 50. ఉద్యోగం టెన్షన్ అనుకున్నాను.

రాత్రిడ్యూటీ
అయితే ఈ వారమే గైనకాలజిస్ట్‌కి చూపించుకో చెల్లీ. క్రీముల సంగతి తర్వాత.

గోరింటాకు
మూడు వారాల తర్వాత వచ్చాను, అందరూ అడుగుతున్నారని.

స్కాన్ అయింది, వెన్నెలవాగు అక్క అన్నదే. మాత్రలు ఇచ్చారు, నడవమన్నారు. స్కిన్ డాక్టర్ ట్యూబు పూర్తిగా ఆపేయమన్నారు. గడ్డం మీద పొలుసు రాలిపోయింది, లేత మచ్చ ఉంది. మాస్క్ మాత్రం ఉంచుకోవచ్చన్నారు, వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, ఎర్రగా ఉన్న మొటిమల మీద మాత్రమే. రాత్రికి అడాపలీన్ 0.1 శాతం, బఠాణీ గింజంత. రెండూ ఒకే రాత్రి వద్దన్నారు. డల్లాస్‌దోసె చెప్పినట్టు మాస్క్ రెండో వారం దాటాక కాస్త పనిచేస్తున్నట్టే ఉంది, మాత్రల వల్లో దానివల్లో నాకు తెలీదు. మెట్టెలు రేకు గిన్నెలో తెల్లబడ్డాయి. అత్తగారు మాత్రం మజ్జిగ వల్లే అంటున్నారు.

మిగిలింది సబ్బు. పారేద్దామని బయట పెడితే అమ్మమ్మ తీసి దాచుకుంది. తలలో చుండ్రుకి బాగుందట. గజ్జి మందని వెక్కిరించిన మనిషి!

బిల్లుకౌంటర్
చుండ్రుకి గంధకం, శాలిసిలిక్ పాత జోడీయే, అమ్మమ్మకి తెలుసు. స్నానానికి ముందు మెడలో వెండి గొలుసు ఉంటే తీసెయ్యమనండి.

కాకినాడకాజా
మొదటి రోజే చెప్పాను, నా ఓటు అమ్మమ్మకని.